పిండి గిన్నె బోర్లించే వేళ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆకలి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. రాజమహేంద్రవరం అవతల ఉన్న యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి చేరిన కొత్తలో, తొలి బస్సు దిగి నేరుగా క్లాసుకు పరిగెత్తేదాన్ని. క్లాసయ్యాక ఆవురావురుమంటూ క్యాంటీనుకు వస్తే, అప్పటికే షట్టరు సగం దించేసి ఉండేది.

అక్కడ పెసరట్టు వేసేది పెద్దాపురం వైపు నుంచి వచ్చే ఒకావిడ. నానబెట్టిన పెసలు తెల్లవారుజామున రుబ్బుతుంది. పిండి అయిపోగానే గిన్నె కడిగి బోర్లించేస్తుంది. ఇక దేవుడు దిగివచ్చినా అట్టు ఉండదు.

"ఇంకాస్త ఎక్కువ రుబ్బితే మీ సొమ్మేం పోయిందండీ?" అని ఒకరోజు ఒంటికాలి మీద లేచాను.

"ఈ ఉక్కకి పిండి పులిసిపోద్దండి. పులిసిన అట్టు నేను పెట్టలేనండి," అంది, ఊడవడం ఆపకుండానే.

నేను ఊరుకుంటానా! ఆఫీసు చుట్టూ తిరిగి, క్యాంటీను సాయంత్రం దాకా తెరిచి ఉంచాలని ఆర్డరు వేయించాను. మొదటిరోజు మధ్యాహ్నం దర్జాగా వెళ్లి కూర్చున్నాను. పిల్లలందరూ హాస్టళ్లకు భోజనానికి వెళ్లిపోయారు. అంత హాల్లో నేనొక్కదాన్నే. ఆవిడ అట్టు తెచ్చిపెట్టింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. అబ్బ, ఏం పులుపు! ఆకలి రుచెరుగదంటారు గానీ, నా ఆకలి మహా ఎరుగును.

"నెలాఖరుకి మానేస్తానండి," అంది ఆవిడ, నా ప్లేటు వంక చూస్తూ. "ఇది నేను వేసిన అట్టని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉందండి."

ఆవిడ వెళ్లిపోతే ఇక ఆ క్యాంటీనులో మిగిలేది బన్నూ, బిస్కెట్లే. పంతం నెగ్గిందన్న సంబరం అక్కడికక్కడే ఆవిరైపోయింది.

మర్నాడే మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తాగారు తల పట్టుకున్నారు.

"అసలు మీకేం కావాలండీ మేడమ్?"

"క్యాంటీను వేళలు పాతవే ఉంచేయండి. నా క్లాసు వేళ మార్చండి," అన్నాను.

ఆయన నవ్వి, మార్పించారు. ఆవిడ మానలేదు. ఇప్పుడు నాకు ముందు అట్టు, తర్వాతే పాఠం. వేడివేడిగా అల్లం చట్నీతో తిని క్లాసుకు వెళితే నా కోపం కూడా తగ్గిందని పిల్లలంటారు. హాయిగా ఉంది.

అప్పుడప్పుడూ కొత్తగా చేరిన మాస్టార్లు ఆలస్యంగా వచ్చి, షట్టరు ముందు నిలబడి, "ఇంత తొందరగా కట్టేస్తారేంటండీ?" అని ఎగురుతారు. ఆవిడ నోరు విప్పేలోగా నేనే వాళ్ల మీద లేస్తాను.

"ముందే రావాలి మరి!"