గుత్తి కోట మీద, కంబళి కింద

జర్మనీలో ఒక సెమిస్టరు చదవడానికి మా కాలేజీ నన్ను ఎంపిక చేసిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కర్నూలు దాటి ఒంటరిగా ఎక్కడా ఉండని దాన్ని. విమానం బెంగళూరు నుంచి, తెల్లవారుజామున. ముందు రోజు నేరుగా వెళ్లిపోదామంటే మా నాయన దారిలో గుత్తి దగ్గర దిగుదామన్నాడు. ఆయన లారీ డ్రైవరు. "ముప్పై ఏండ్లు ఆ కొండ కిందనే బండి తోలినా పాపా. ఒక్కసారన్నా పైకెక్కి చూసినానా? నీతో పాటు చూస్తా," అన్నాడు. కాదనలేకపోయాను.

పొద్దున ఆరింటికి కర్నూలులో బస్సెక్కి ఎనిమిదిన్నరకల్లా గుత్తిలో దిగాం. టికెట్టు మనిషికి నూట యాభై లోపే. బస్టాండు ఎదుట హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. పెద్ద సూట్‌కేసు ఎక్కడ పెట్టాలో తోచక నిలబడితే హోటలాయనే, "ఈడ పెట్టి పోండన్నా, యాడికీ పోదు," అని గల్లాపెట్టె వెనక్కి నెట్టాడు. పాస్‌పోర్టున్న సంచి మాత్రం నేను భుజం మీంచి దించలేదు. కోట మొదలు దాకా ఆటోకు ఎనభై రూపాయలు. పైకి వెళ్లడానికి టికెట్టేమీ అడగలేదు. ఆటో అతను తన నంబరిచ్చి, "ఎండెక్కకముందే దిగండి, పైన నీళ్లు దొరకవు," అన్నాడు.

మెట్లు ఒక ద్వారం తర్వాత ఇంకో ద్వారంలోకి తిరుగుతూ పోతాయి. మార్చి చివరి వారం కాబట్టి తొమ్మిదిన్నరకే బండలు వేడెక్కాయి. మూడో ద్వారం దగ్గర నాయన కూలబడ్డాడు. ఏళ్ల తరబడి కూర్చుని బండి తోలిన మోకాళ్లు. "నువ్వు పో. నేను ఊపిరి తీసుకొని మెల్లగా వస్తా," అన్నాడు. నేను పైకి వెళ్లాను. బురుజు మీంచి చూస్తే కనుచూపు మేరా ఎర్రమట్టి, కోసేసిన వేరుశనగ చేలు, బోరున్న చోట మాత్రం చేతి రుమాలంత పచ్చదనం. రేపు దిగబోయే దేశం కూడా నాకు ఇంతే ఖాళీగా ఉంటుందనిపించింది.

కాస్త దిగువన ఒకామె మేకలు మేపుకుంటోంది. భుజాన నల్ల కంబళి. "ఒక్కదానివే వచ్చినావా పాపా? ఏ ఊరు?" అని పలకరించింది. పేరు ఓబుళమ్మ అట. జవాబు చెబుతుండగానే మేకలన్నీ ఒక్కసారిగా చెదిరి పరుగెత్తాయి. దూరంగా లారీ వస్తున్నట్టు ఏదో మోత. తలెత్తితే కొండచరియ మీంచి నల్లటి పొగలాంటిది లేస్తోంది. పొగ అనే అనుకున్నాను.

"తేనెటీగలు! పండుకో!" అంటూ ఓబుళమ్మ నా మెడ పట్టి కింద పడేసి, కంబళి ఇద్దరి మీదా కప్పి అంచులు కాళ్ల కింద తొక్కిపెట్టింది. చీకటి, ఉన్ని వాసన, ఉడుకు. పైన ఇసుక జల్లుతున్నట్టు ఈగలు వచ్చి తగులుతున్నాయి. రెండు లోపలికి దూరాయి. ఒకటి నా చెవి వెనక కుట్టింది. లేవబోయాను.

"కదలాకు. లేస్తే సచ్చిపోతావు."

అప్పుడే కింది నుంచి నాయన గొంతు వినిపించింది. "రేణూ! రేణూ!" నన్ను వెతుక్కుంటూ పైకి వస్తున్నాడు, ఈగలకు ఎదురుగా. అరవడానికి నోరు తెరిచాను. ఓబుళమ్మ అరచేత్తో నొక్కేసింది. ఆ చెయ్యి తోసేశాను.

"మా నాయన! మా నాయన కింద ఉండాడు!"

"నువ్వు అరిస్తే నీ కాడికే వస్తాడమ్మా. అరవాకు. దాక్కుంటాడు."

మరోసారి పిలిచాడు. ఆ తర్వాత పిలుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం పెట్టినంత భయం నేను జీవితంలో ఎరగను. ఎంతసేపు అలా పడి ఉన్నామో చెప్పలేను. మోత పూర్తిగా పోయినా ఓబుళమ్మ వెంటనే లేవనివ్వలేదు.

కిందికి పరుగెత్తాను. నాలుగో ద్వారం పక్కన రాతి గదిలో, తలకు తువ్వాలు చుట్టుకుని గోడకు ముఖం ఆనించి ఉన్నాడు. తిప్పి చూస్తే పెదవులు, రెప్పలు వాచిపోయి మనిషే మారిపోయాడు. ఊపిరి తీస్తుంటే గొంతులో పిల్లికూతలా వినిపిస్తోంది. "నీకేం కాలేదు కదా?" అని అడిగాడు, మాట ముద్దగా. ఆటో అతనికి ఫోన్ చేశాను. నేనొక పక్క, నా వెనకే వచ్చిన ఓబుళమ్మ ఒక పక్క పట్టుకుని దించాం. మెట్టు మెట్టుకూ ఊపిరి ఇంకా ఆడుతోందా అని వింటూ దిగాను.

ఆసుపత్రిలో చూడగానే ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టారు. "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది. సాయంత్రం దాకా కదిలించొద్దు," అన్నారు డాక్టరు. మంచం పక్కన కూర్చుని, టికెట్టు రద్దు చేస్తానన్నాను. నాయన మాస్కు పక్కకు లాగాడు.

"ఈగలు కుడితే చదువు ఇడిచిపెడతారా ఎవురన్నా?"

"నీకేమన్నా అయింటే?"

"కాలేదు కదా. ఆయమ్మ మేకలు దొరికినాయో లేదో, పోయి కనుక్కో ముందు."

సాయంత్రం ఆయన ఊపిరి కుదుటపడ్డాకే, హోటల్లో పెట్టిన సూట్‌కేసు తీసుకుని బెంగళూరు బస్సెక్కాం. అక్కడుండే మా చిన్నాయన విమానాశ్రయానికి వచ్చి నాయనను పట్టుకున్నాడు. నేను అద్దాల లోపలికి వెళ్లి ఫోన్ చేశాను. "కనపడతాండానా నాయనా?" అంటే, "కనపడతాండావు, పో," అన్నాడు. ఆయన రెండు కళ్లూ వాచి మూసుకుపోయి ఉన్నాయి. ముఖం మాత్రం నేనున్న వైపుకే ఉంది.

నా భయం పోయిందని రాయను. ఇక్కడికొచ్చి నెల దాటినా, పక్క గదిలో ఫ్యాను మోగితే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది. భయపడుతూనే క్లాసుకు వెళ్తున్నాను, భయపడుతూనే కొత్త భాషలో కూరగాయలు కొంటున్నాను. గుత్తి కోట తప్పక చూడండి. కాకపోతే ఒక్క మాట. విమానానికి ముందు రోజు దారిలో దిగితే మాత్రం, కనీసం ఒక పూట చేతిలో ఉంచుకోండి. మాకు మిగిలిన ఆ పూటలోనే మా నాయన ఊపిరి వెనక్కి వచ్చింది.