సరోజనమ్మ బోర్డుతో బెంగళూరుకు

1999 జూలై 14, బుధవారం, ఉదయం 6-20. అనంతపురం రైల్వేస్టేషన్.

హాజరైనవారు: నేను, పీడబ్ల్యూడీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. నా కూతురు వసంత, హైస్కూలు టీచరు. పెయింటరు ఖాదర్‌బాషా. ఆయన రాసిన రేకు బోర్డు, నాలుగడుగుల పొడవు, పాత దుప్పట్లో చుట్టి ఉన్నది.

ఎక్కడికి పోయినా ఉన్నవాళ్ళెవరో, గంట ఎంతయిందో రాసుకోవడం నాకు ముప్పైయెనిమిదేళ్ళుగా అలవాటు. బెంగళూరులో ఇటువంటి పని పెట్టుకోబోయేవారికి పనికివస్తుందని ఈ రెండు రోజుల సంగతీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట నా భార్య సరోజనమ్మను అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలో చేర్చాం. రాత్రిళ్ళు రోగి దగ్గర ఒక్కరే ఉండాలి. రెండో మనిషి ఎదుటి ఫుట్‌పాత్ మీద పడుకోవాలి. అక్కడ పడుకున్నవాళ్ళలో సగం మంది మన జిల్లావాళ్ళే. నలభై ఒకటో రోజున సరోజనమ్మ పోయింది. రోగుల బంధువులు ఉండడానికి అక్కడొక చోటు ఏర్పాటు చేయాలని, దానికి ఆమె పేరు పెట్టాలని పెద్దకర్మ నాడే అనుకున్నాను. వసంతకైతే చోటు కంటే పేరే ముఖ్యం.

"ఇంటి పట్టా నీ పేరు, కరెంటు బిల్లు నీ పేరు. అమ్మ పేరు ఒక్కచోటైనా రాసి ఉండనీ నాయనా" అని రైలు కదిలేదాకా కిటికీ పట్టుకుని చెప్పింది.

"కచ్చితంగా" అన్నాను. 6-50కి రైలు కదిలింది.

ఇప్పుడు బోర్డు సంగతి. "కీ.శే. సరోజనమ్మ స్మారక రోగుల బంధువుల వసతి గృహం" అని పైన తెలుగులో, కింద కన్నడంలో. ఎడమ మూల ఆమె బొమ్మ. ఫొటో చూసి వేసినా ఖాదర్ కళ్ళు బాగా పట్టాడు. రంగు పూర్తిగా ఆరిందో లేదోనని నాకు అనుమానం. ధర్మవరంలో ఒకసారి, పెనుకొండలో ఒకసారి దుప్పటి తొలగించి వేలితో తాకి చూశాను. హిందూపురంలో ఎక్కిన పెద్దమనిషి సీటు కింద కాళ్ళు చాపబోయి బోర్డుకు తగిలాడు.

"ఏ పార్టీ సార్? ఓట్లకు ఇంకా టైముండాది కదా."

"పార్టీ కాదయ్యా, ఆసుపత్రికి వచ్చేవాళ్ళ కోసం."

"అట్లైతే మంచిదే. గెలిచినా ఓడినా పనికొస్తాది" అని కాళ్ళు ముడుచుకున్నాడు.

గౌరీబిదనూరులో ఇడ్లీ కొన్నాను గాని సగం వదిలేశాను. ఫైలు తీసి ట్రస్టు పత్రం మళ్ళీ చదివాను. ముగ్గురు ట్రస్టీలం: నేను, మేరమ్మగారు, నరసప్ప. గురువారం పదకొండుకు ముగ్గురమూ సబ్‌రిజిస్ట్రార్ ముందు కూర్చుని సంతకాలు చేయాలి, వేలిముద్రలు వేయాలి. ఒక్కరు రాకపోయినా పని ఆగిపోతుంది.

యలహంకలో 11-40కి దిగాను. మేరమ్మగారు ఆటోతో వచ్చారు. ఒంగోలు వైపు మనిషి. నర్సుగా వచ్చి ముప్పైయేళ్ళుగా బెంగళూరులోనే ఉన్నారు. సరోజనమ్మ ఉన్న వార్డుకు ఈమే సిస్టరు. పోయినేడు రిటైరయ్యారు. ఏ రోగి బంధువును పంపాలో, ఎన్నాళ్ళు ఉంచాలో చూసే పని ఈమెది. ఈమె లేకపోతే మాది ఉత్త బాడుగ ఇల్లు.

ఇంటికి తీసుకెళ్ళి గోంగూర పప్పుతో అన్నం పెట్టారు. తిన్నాక దుప్పటి విప్పి బోర్డు గోడకు ఆనించాను. ఆమె ముందు బొమ్మ చూసి, "అచ్చం అలాగే ఉంది" అన్నారు. తర్వాత చదివారు. మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు.

"అన్నయ్యగారూ, ఇది తగిలిస్తే నేను సంతకం పెట్టను."

నాకు అర్థం కాలేదు.

"మంచం పక్కన కూర్చున్నవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటేనండీ. ఈ మంచం మీద ముందున్నావిడ ఇంటికి వెళ్ళిందా, అని. వెళ్ళిందమ్మా అనేదాన్ని. రేపు వాళ్ళు మన గుమ్మంలోకి రాగానే కీర్తిశేషులు అని కనిపిస్తే లోపలికి ఎలా అడుగు పెడతారు?"

"దేశంలో ఉన్న ధర్మసత్రాలన్నీ ఎవరో ఒకరి స్మారకాలే కదా సిస్టరుగారూ."

"అక్కడికి వచ్చేది దేవుణ్ణి చూడ్డానికి. ఇక్కడికి వచ్చేది బతకడానికి."

నేను గట్టిగానే మాట్లాడాను. ఈ ఇంటి ఆలోచన పుట్టిందే సరోజనమ్మ వల్ల, ఆమె పేరు లేకపోతే నేనిక్కడికి రావలసిన పనే లేదు అన్నాను. మేరమ్మగారు మర్నాడు పదకొండుకు ఆఫీసుకు వస్తానని మాత్రం అన్నారు. సంతకం పెడతానని అనలేదు.

2-10కి బస్సు. కండక్టరు బోర్డును చూసి, "తాతా, దీనికి లగేజీ టికెట్" అన్నాడు. తీసుకున్నాను. మెజెస్టిక్‌లో మారాలి. బొమ్మనహళ్ళికి పోయే బస్సులో కూర్చోడానికి చోటు లేదు. బోర్డు నిలబెట్టి, దాన్ని పట్టుకుని నేను నిలబడ్డాను. గార్మెంట్స్‌కు పోయే ఆడపిల్లలు ఇద్దరు దుప్పట్లో ఏముందోనని గుసగుసలాడారు. "మంచం పట్టె" అంది ఒకతె. "కాదే, గాజు బీరువా తలుపు" అంది రెండోది. దారి పొడుగునా మేరమ్మగారికి చెప్పవలసిన జవాబులు తయారుచేసుకున్నాను. ఏ ఒక్కటీ నాకే నచ్చలేదు.

4-25కి బొమ్మనహళ్ళి. నరసప్ప గార్మెంట్స్‌లో కటింగ్ మాస్టరు. వాళ్ళ తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నారు, ఇంట్లో తెలుగు. కింద తను ఉంటూ పైన మూడు గదులు మాకు బాడుగకు ఇచ్చాడు. ఆసుపత్రికి బస్సులో ఇరవై నిమిషాలు.

"సుమ్నే, ఊరికే టెన్షన్ ఎందుకు సార్? ఇల్లుండాది, నీళ్ళుండాయి. బోర్డు మీద ఏముంటే ఏమప్పా" అని మెట్ల పక్కన నిలబెట్టాడు. దుప్పటి మడిచి నా సంచిలో పెట్టాను.

5-15కి ఒక ఆడమనిషి గేటు దగ్గర నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, చెవుల్లో ఏమీ లేవు. టీ అంగడివాడు చెప్పాడట.

"రోగులోళ్ళకు రూములిచ్చేది ఇక్కడేనా సార్?"

పేరు లక్ష్మీదేవి. ధర్మవరం. భర్త గంగులప్ప మగ్గం నేస్తాడు. కడుపులో గడ్డ, శుక్రవారం ఆపరేషన్. రేపటి నుంచి ఉండవచ్చని చెప్పాను. ఆమె బోర్డు ముందు ఆగింది.

"నాకు చదువు రాదు. ఏం రాసుండారు సార్?"

"సరోజనమ్మ రోగుల బంధువుల వసతి గృహం" అని చదివాను. మొదటి మాట, మూడో మాట వదిలేశాను. ఎందుకు వదిలానో అప్పుడు ఆలోచించలేదు.

"ఈయమ్మేనా సరోజనమ్మ? నీకేమైతాది సార్?"

"నా భార్య."

"ఆమెకూ ఇదే రోగమా?"

"ఇదే."

ఆమె బొమ్మకు దగ్గరగా వంగి చూసింది. "నయమైందా సార్?"

"నయమైందమ్మా" అన్నాను.

లక్ష్మీదేవి సంచి కింద పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకుంది. "అయితే ఒక్కసారి పిల్చుకోని రాండి సార్. మా ఆయప్ప ఎవురు చెప్పినా నమ్మడు. బతికిన మనిషిని చూస్తే నమ్ముతాడు."

"చూస్తానమ్మా" అన్నాను. ఆమె వెళ్ళాక నరసప్ప నా మొహం చూడకుండా, "టీ తాగుదాం రా సార్" అన్నాడు. ఆ తర్వాత బోర్డును మళ్ళీ దుప్పట్లో చుట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 15, గురువారం. 10-30కే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చేరాను. దస్తావేజులు రాసేవాడు చెట్టు కింద టైపు మిషన్‌తో ఉన్నాడు. పత్రంలో పేరు మార్చి మొదటి పేజీ మళ్ళీ కొట్టమన్నాను. "యార నెనపు?" అని కన్నడంలో అడిగాడు, ఎవరి జ్ఞాపకార్థమని.

"ఎవరిదీ కాదు. రోగుల బంధువుల వసతి ట్రస్టు. అంతే."

"అంతేనా?" అని రెండుసార్లు అడిగి కొట్టాడు. అతనికి అది సగం పేరులా అనిపించినట్టుంది. నాకూ అలాగే అనిపించింది.

మేరమ్మగారు వచ్చి ఆ పేజీ చదివారు. తను చెప్పినందుకే మార్చానని ఆమె అనుకోవడం నాకిష్టం లేక, జరిగింది చెప్పాను. బోర్డు తగిలిస్తే ఎవరో ఒకరు లక్ష్మీదేవికి చదివి వినిపిస్తారు, ఆపరేషన్ రేపే అన్నాను. జీవితంలో ఒక కొలత కూడా తప్పు రాయలేదు, ఇంత అబద్ధం ఎలా వచ్చిందో తెలియదన్నాను.

"నేను ముప్పైయేళ్ళు చెప్పాను అన్నయ్యగారూ. మీకు ఒక్క పూటకే ఇంత ఆయాసమా?" అన్నారు నవ్వుతూ. మరుక్షణం నా చేయి పట్టుకున్నారు. 12-50కి సంతకాలయ్యాయి. నా వేలిముద్ర సరిగా పడలేదని రెండోసారి వేయించారు.

సాయంత్రం నాలుగుకు ఆసుపత్రిలో పలకరింపుల సమయం. మేరమ్మగారు తను వెళ్ళి ఏదో సర్దిచెబుతానన్నారు. చెప్పినవాణ్ణి నేను గనుక నేనే వెళ్ళాను. లక్ష్మీదేవి మందుల చీటీతో కిందికి పోయింది. గంగులప్ప ఒక్కడే ఉన్నాడు. సన్నటి మనిషి, వేళ్ళ మీద మగ్గం కాయలు.

"అయ్యా, నీ భార్యకు నిన్న నేను..." అని మొదలుపెట్టాను.

"తెలుసు సార్. ఆయమ్మ లేదు గదా?"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. అతనే చెప్పాడు.

"మా ఊర్లో బస్ షెల్టరు మీద, నీళ్ళ ట్యాంకు మీద ఉండే పేర్లన్నీ పోయినోళ్ళవే. బతికినోళ్ళ పేర్లు గోడలెక్కేది ఓట్లప్పుడే. బోర్డు మీద బొమ్మ కూడా ఉండాదని అది చెప్తానే అనుకున్నా."

"క్షమించయ్యా. ఆమె రాగానే నిజం చెప్పేసి పోతాను."

అతను మంచం మీద నుంచి లేవబోయాడు. "వద్దు సార్! పది దినాల నుంచి అది టీ నీళ్ళ మీద ఉండింది. నిన్న రాత్రి ఒక ముద్ద తినింది, పొద్దున రెండు ఇడ్లీలు తినింది. ఆపరేషన్ అయ్యేదాకా చెప్పొద్దు. నాకు తెలుసనీ చెప్పొద్దు."

అంతలో లక్ష్మీదేవి వచ్చింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. "అమ్మ రాలేదా సార్?"

"ఊర్లో ఉందమ్మా" అన్నాను. గంగులప్ప కిటికీ వైపు తిరిగాడు.

6-40 రైలుకు అనంతపురం టికెట్. సీటు దొరికింది, కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరే నిలబడ్డాను, పక్కన బోర్డు. ఇటువంటి పనికి పూనుకునేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: పత్రం రాయించే ముందు, బోర్డు రాయించే ముందు, ఆ గేటు ముందు ఒక పూట నిలబడి ఎవరు వస్తారో చూడండి. ఆఫీసు పనికి రెండు గంటలు పట్టింది. పేరు తీసేయడానికి నాకు పట్టిన కాలాన్ని గంటల్లో రాయడం తెలియలేదు. సరోజనమ్మ కోసం బయలుదేరి, ఆమెను ఊర్లో ఉంచినట్టు చెప్పి తిరిగి వస్తున్నాను. చేసింది తప్పో ఒప్పో హిందూపురం దాటినా తేలలేదు.

జూలై 16, శుక్రవారం. వసంత స్కూలుకు తయారై వచ్చి వరండాలో బోర్డు చూసింది.

"తగిలించలేదా?"

మొత్తం చెప్పాను. ఆమె కూర్చోకుండానే విన్నది. "కచ్చితంగా అని నువ్వే అన్నావు నాయనా. ఎవరో ఏమో అనుకుంటారని అమ్మ పేరు కొట్టేసి వచ్చినావా?" అని హ్యాండ్‌బ్యాగు తీసుకుంది.

9-10కి ఫోను మోగింది. మేరమ్మగారు. ఎనిమిదింటికి గంగులప్పను థియేటరులోకి తీసుకువెళ్ళారట. "లక్ష్మీదేవి నా పక్కనే ఉంది. సరోజనమ్మగారితో ఒక్క మాట మాట్లాడించమని ఏడుస్తోంది. ఏం చెప్పమంటారు అన్నయ్యగారూ?"

ఆ గొంతు వసంతకూ వినిపించింది. ఆమె గడప దగ్గర నుంచి వెనక్కి వచ్చి నా చేతిలోంచి రిసీవరు తీసుకుని, లక్ష్మీదేవికి ఇమ్మంది.

"అక్కా, నేను సరోజనమ్మ కూతుర్ని. అమ్మ ఇప్పుడు మాట్లాడలేదు, నాతో చెప్పు... ఏమైనా తిన్నావా?... తిను, నేను లైన్లోనే ఉంటా." తర్వాత అటు నుంచి ఏదో అడిగినట్టుంది. వసంత హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. "మా అమ్మనా? పొట్టిగా ఉంటాదక్కా. మాటకు ముందు నవ్వుతాది. చింతకాయ తొక్కు ఆమె దంచితేనే..." అని మొదలుపెట్టింది.

ఆమె స్కూలు 9-30కి. 9-55కు ఇంకా చెబుతూనే ఉంది.