పలక వెనుక రాళ్లు

గుట్ట మీది క్వారీలో పేల్చే ముందు సైరన్ మోగుతుంది. మా అంగన్‌వాడీ పిల్లలకు అ ఆల కంటే ముందు దాని అర్థమే తెలిసింది. మోగగానే చేతిలో ఉన్నది వదిలేసి, గుట్టకు దూరంగా ఉండే మూలకు చేరతారు. నేను వనపర్తి నుంచి బస్సులో పెద్దమందడి వరకు వచ్చి, అక్కడ ఆటో ఎక్కి ఇక్కడికి చేరే టీచర్ని. ఈ క్రమశిక్షణ నేర్పింది నేనేనని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఆ పేరు క్వారీకే దక్కాలి.

ఒక ఆదివారం గుప్పెడంత రాయి ఎగిరొచ్చి, కిటికీ పగలగొట్టి, పిల్లలు పడుకునే చాప మీద పడింది. సెలవు కాబట్టి బతికిపోయాం. ఊరంతా కలిసి దరఖాస్తు పెట్టుకున్నాం. క్వారీ ఆగలేదు గానీ, ఒక ఇంజనీరు వచ్చాడు. గాజుపీచు బట్టను పొరలు పొరలుగా జిగురుతో అతికించి చేసిన పలకలు తెచ్చాడు. గుట్ట వైపు గోడకు బయట ఇనుప చట్రం నిలబెట్టి, మధ్యలో జానెడు ఖాళీ వదిలి, కిటికీతో సహా కప్పేలా వాటిని బిగించాడు. పట్నాల్లో పెద్ద పెద్ద ఆఫీసులను బాంబుల నుంచి కాపాడటానికి చేసినవట.

"మన మీద బాంబులేసేటంత గొప్పోళ్లమైనమా సారూ?" అంది మా ఆయమ్మ. పిల్లలకు వండిపెట్టేదీ, నిద్రపుచ్చేదీ ఆమే. పలకను అరచేత్తో ఒక్కటి చరిచింది. "డప్పు లెక్క మోగుతుంది. ఖిల్లా ఘణపూర్ల కోట ఇంకా నిలబడే ఉన్నది, గిట్ల అట్టముక్కలతోటే కట్టిన్రా?"

నవ్వాం గానీ, ఆమెది వేళాకోళం కాదు. ఆమె భర్త ఆ క్వారీలోనే పనిచేసేవాడు. ఒకసారి పేలుడప్పుడు రేకుల షెడ్డు చాటున నిలబడ్డాడు. రాయి ఆ రేకును చీల్చుకుని వచ్చింది. వనపర్తి దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. పైగా మా వైపు గోడంటే రాయే. చరిస్తే చెయ్యి మండాలి, అప్పుడే అది గోడ. తేలికైన దాన్ని నమ్మమని ఆమెకు ఎవరు చెప్పగలరు?

కొన్నాళ్లకు పలకలు చూసిపోదామని వచ్చిన ఇంజనీరు తల పట్టుకున్నాడు. వదిలిన ఖాళీ నిండా రాళ్లు పేర్చి ఉన్నాయి. సందుల్లో ఎర్రమట్టి కూడా మెత్తారు. పనితనానికి వంక పెట్టలేం, ఒక్క రాయీ కదలదు.

"ఎవరు చేశారండీ ఇది?" అని అరిచాడు.

ఆయమ్మ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "నేనే సారూ. టీచరమ్మ రాకముందే, వాకిలి ఊడ్చినంక రోజిన్ని ఏరుకొచ్చి పెట్టిన. పిల్లల పానం గదా, అట్టముక్కను నమ్మి ఎట్ల ఊకుంట?"

అతని కోపం అక్కడే చల్లారింది. "బంతి పట్టేటప్పుడు చేతులు కొంచెం వెనక్కి పోనిస్తాం కదమ్మా, ఇదీ అంతే. దెబ్బ తగిలితే వెనక్కి వంగాలి, అలా వంగే ఆపుతుంది. వెనుక రాళ్లుంటే వంగలేదు. దెబ్బంతా గోడకే తగులుతుంది. కిటికీలోంచి ఈ రాళ్లే లోపలికి పడొచ్చు."

ఆమె ముఖం పాలిపోయింది. "అంటే, పిల్లల మీదికి నేనే రాళ్లు పేర్చిన్నా?"

"గట్లనుకోకు అక్కా, మంచికే చేసినవ్" అన్నాను. వినిపించుకోలేదు. అప్పటికప్పుడే రాళ్లు పీకడం మొదలుపెట్టింది. ఇంజనీరూ నేనూ తలో చెయ్యి వేశాం. అతని తెల్ల చొక్కా ఎర్రబడిపోతుంటే పిల్లలకు పండగే పండగ. మధ్యాహ్నానికి ఖాళీ మళ్లీ ఖాళీ అయింది. అతను చట్రం బోల్టులన్నీ సరిచూసి, ఇక భయం లేదని చెప్పి వెళ్లిపోయాడు.

పిల్లల అన్నాలయ్యాక సైరన్ మోగింది. అందరూ మూలకు పరుగెత్తారు. ఆయమ్మ మాత్రం గుట్ట వైపు గోడ దగ్గరికి వెళ్లి, కిటికీ కింద వీపు ఆనించి నిలబడింది. ఆమె తల, భుజాలు కిటికీకి అడ్డంగా ఉన్నాయి.

"అక్కా, ఇటు రా. పలక ఆపుతదని సారు చెప్పిండు గదా."

"ఆపుతది టీచరమ్మా. సారు అబద్ధమెందుకు చెప్తడు?" అంది కదలకుండా. "ఒకేళ ఆపకుంటే? ఎనక ఏమన్న ఉండాలె గదా. రాళ్లు తీసేస్తిమి."

పిల్లలను దగ్గరగా జరిపి కూర్చోబెట్టి, వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.