లచ్చవ్వకు అందని పాట

కరోనా రావడానికి ముందటి ఏడాది. ఖానాపూర్ దగ్గర మా ఊరి చర్చిలో అప్పటికే చాలా ఏళ్లుగా పాటలు నేనే నడిపిస్తున్నాను. నేను చదివింది రెండో తరగతి. పుస్తకం చేతిలో పట్టుకుంటాను గానీ, పాటలన్నీ మా అవ్వ నోటి నుంచి నేర్చుకున్నవే.

మా దగ్గర సగం మందికి చదువు రాదు. అందుకని పాట అందించాలి. అంటే పంక్తి పాడే ముందు ఆ మాటలను ఒక్క గుక్కలో గట్టిగా చెప్పాలి. చెవిన పడ్డాక అందరూ పాడతారు. చెప్పడానికి ఆ కాస్త సందు లేకపోతే, పుస్తకం లేనివాళ్లకు నోట్లో మాటే ఉండదు.

ఆ ఏడాదే చర్చికి కీబోర్డ్ వచ్చింది. వాయించేది ప్రభాకర్, మంచి చెయ్యి. మన గొంతును బట్టి స్కేల్, అంటే శ్రుతి, పెట్టేవాడు. రిథమ్ మీట నొక్కితే తాళం దానంతటదే నడిచేది. నాకు భలే సంబరం.

అప్పుడే మా చర్చికి వచ్చే, అక్షరం రాని లచ్చవ్వ కొడుకు దేవదాసు ట్రాక్టర్ బోల్తాపడి పోయాడు. ఒక్కడే కొడుకు. ఆదరణ కూడిక, అంటే చావింటివాళ్లను ఓదార్చే ప్రార్థన, వాళ్ల వాకిట్లో పెట్టారు. ముందురోజు వెళ్తే ఆమె నా చెయ్యి వదల్లేదు.

“మట్టిల పెట్టిననాడు నా నోరు లేవలే బిడ్డా. వానికిష్టమైన పాట రేపు నేనే పాడుత. నువ్వు జర అందియ్యి.”

“అట్లనే పెద్దమ్మా, నేనున్న గద.”

మర్నాడు ప్రభాకర్ రిథమ్ నొక్కాడు. అది ఎవరికోసమూ ఆగదు. ఒక పంక్తి అయ్యీ కాకముందే ఇంకో పంక్తి వచ్చి మీద పడుతోంది. రెండు మాటలు విసిరాను, స్పీకర్ హోరులో పోయాయి. పుస్తకాలున్నవాళ్లు గొంతెత్తి పాడుతున్నారు. నేను కళ్లు మూసుకుని, నా గొంతు నేనే వింటూ, నాలుగు చరణాలూ ముగించాను.

కళ్లు తెరిస్తే లచ్చవ్వ పెదవులు ఇంకా కదులుతున్నాయి.

“అయిపాయెనా? నేనింకా మొదటి చరణంలనే ఉన్న బిడ్డా.”

పాస్టరయ్య అప్పటికే బైబిల్ తెరిచారు.

“అయ్యగారూ, ఇంకోసారి పాడుతం.”

“ఇప్పుడే గద పాడింది?”

“మనం పాడినం. పెద్దమ్మ పాడలే.”

ప్రభాకర్ మళ్లీ మీట మీద వేలు పెట్టాడు.

“తమ్మీ, జర బంద్ చెయ్యి.”

“శ్రుతైనా పట్టుకుంట అక్కా.”

“గది గూడ వద్దు. పెద్దమ్మ గొంతు ఏడుంటే గదే శ్రుతి.”

వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఒక్కో పంక్తీ చెప్పాను, ఆమె పాడింది. ఆమె గొంతు కిందికి జారితే మేమూ జారాం. మూడో చరణంలో కొడుకు అనే మాట దగ్గర ఆమె ఆగిపోయింది.

నాకు ఆత్రం ఆగడం లేదు. నేను ఎత్తుకుంటే పాట సాగిపోతుంది. ఆమె మళ్లీ వెనకబడుతుంది. వెనక నుంచి సుగుణ వదిన గొణిగింది.

“బువ్వ సల్లారుతుంది సరోజా, నువ్వే ఎత్తుకోరాదు?”

“సల్లారనియ్యి వదినె.”

నోరు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆ పంక్తిని మెల్లగా ఇంకోసారి చెప్పాను, అంతే. ఎంతసేపైందో తెలియదు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని పాడింది. ఆఖరి చరణం నేను అందించకముందే ఎత్తుకుంది. మేమే తడబడుతూ ఆమె వెనక పోయాం.

“ఇగ నా పాట ఒడిసింది బిడ్డా,” అంది.

కీబోర్డ్ ఇప్పటికీ ఉంది. పంక్తికీ పంక్తికీ మధ్య ప్రభాకర్ రిథమ్ ఆపి, చెయ్యి పైకెత్తి నా వైపు చూస్తాడు. పుస్తకం లేని మనిషి ఎక్కడ కూర్చున్నదీ ముందే వెతుక్కుని, ఆ నోటిని చూస్తూ అందించడం నేర్చుకున్నాను. అయినా మనసు కుదురుగా ఉండదు. కీబోర్డ్ వచ్చాక, లచ్చవ్వ కంటే ముందు ఎన్ని ఆదివారాలు కళ్లు మూసుకుని పాడానో, ఎందరు నోరు మూసుకుని ఇంటికి పోయారో. వాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదు.