ఇస్సాకు పై గొంతు

చలికాలం చోడవరంలో బస్సు దిగితే చాలు, ఎక్కడో చెరకు పిప్పి మండుతున్న పొగ, దాని వెనకే పెనంలో చిక్కబడుతున్న బెల్లం పాకం వాసన ముక్కుకు తగులుతాయి. అందరికీ నోరూరించే ఆ వాసన నాకు మాత్రం రెండు గొంతులను వినిపిస్తుంది.

ఏలియా, ఇస్సాకు మా పక్కింటి అన్నదమ్ములు. వాళ్ల నాన్న ఊరి గానుగలో పాకం పట్టేవాడు. విశాఖ ఓడరేవులో పనిచేసే వాళ్ల మేనమామ, ఎవరో నావికుడిచ్చిన పాటల క్యాసెట్ ఒకటి తెచ్చి వీళ్లకిచ్చాడు. అందులోనూ అన్నదమ్ములే, ఏ దేశం వాళ్లో, గిటారు చెక్క కూడా మోగేలా దరువేస్తూ, గుర్రం పరుగులాంటి నడకలో ఒకడు పాడుతుంటే, రెండోవాడు ఒక మెట్టు పై స్వరంలో, అదే మాట, అదే ఊపిరి, ఎక్కడా విడిపోకుండా వెంట నడిచేవాడు. మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా, సాయంత్రం గానుగ ఇంజను ఆగాక, అరిటాకు మీద పోసిన వేడి పాకం వేళ్లతో నాకుతూ మేమంతా చుట్టూ కూర్చుంటే, ఇస్సాకు తన అన్న ఏలియా పెదాల మీంచి చూపు తిప్పకుండా ఆ పై గొంతు సాధన చేసేవాడు. కొన్నాళ్లకు పశువులు కాసే పిల్లలు కూడా జంటలు జంటలుగా పాడసాగారు. రోలుగుంట బస్సులో కండక్టరు అందుకుంటే డ్రైవరు పైన కలిపేవాడు.

క్రిస్మస్‌కు ముందు, చర్చిలో మొదటి వరసలో నిల్చుని పాడేవాళ్లను ఎంచడానికి సంఘ పెద్ద ఒక్కొక్కరిని విడిగా పాడించాడు. ఇస్సాకు ఒక్కడూ పాడితే అది పాటలా లేదు.

“ఏటిరా అది, తల్లి తప్పిన దూడలాగ? ఎల్లి ఎనక కూకో.”

“ఆడిది సగమండి,” అన్నాడు ఏలియా. “నాదీ సగమే. ఆడెనక్కెల్తే నానూ ఎల్తాను.”

దేవుడి ముందు అందరిదీ ఒకే గొంతు కావాలన్నాడు పెద్ద. ఒకే గొంతు! ఆ మాట తర్వాత గుళ్లో విన్నాను, బళ్లో విన్నాను, ఓట్ల సభల్లోనూ విన్నాను. మందతో కలిసి అరిస్తే ఐకమత్యమట, మెట్టు పైన పాడితే పొగరట.

పండగనాడు పంచిపెట్టే గులాబీ గుత్తుల పిండివంట కోసం మేము చర్చి కిటికీ పట్టుకుని వేలాడుతున్నాం. అన్నదమ్ములిద్దరూ చివరి వరసలో కూర్చుని, అందరూ పాడే పాటలోనే గొంతు కలిపారు. చర్చి కప్పు పైకి లేచినట్టయింది. పెద్ద వెనక్కి తిరిగి చూశాడు, ఆపలేదు. పరిశుద్ధాత్మ దిగిందన్నారు ముసలమ్మలు; ఇస్సాకు నాలుక మీద సరస్వతి ఉందంది మా నాయనమ్మ. నాకు అప్పుడే ఒళ్లు మండింది. ఎక్కడినుంచీ ఎవరూ దిగలేదు. పొయ్యి దగ్గర ఆ కుర్రాడు రోజూ పడిన పాటు నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు చర్చిలో కీబోర్డు మీట నొక్కితే అన్ని గొంతులూ అదే పలుకుతుంది. మా గానుగ పొయ్యి పూడిపోయింది. ఇస్సాకూ లేడు. ఏలియా అరుగు మీద కూర్చుని పాడుకుంటాడు, తన గొంతు కాదు, తమ్ముడిది. వాడి ఆత్మే వచ్చి పాడుతోందని వీధంతా అంటుంది. బతుకంతా పక్కన పాడిన మనిషి గొంతు చెవిలో ఉండిపోవడానికి ఆత్మలెందుకు?

మొన్న వెళ్తే పాట మధ్యలో ఆపాడు.

“కింద గొంతు నువ్వట్టుకో బుల్లీ.”

నాకు పాట రాదన్నాను.

“రాపోతే ఏటి? అది లేకపోతే ఇది పాటలాగుండదు.”

గొంతు సవరించుకుని, అతని పెదాల వైపు చూస్తూ అందుకున్నాను.