జీపు తిరిగొచ్చింది, కంబళితో సహా

నాయన వదిలిపోయిన జీపు హారన్ కొడితే గుత్తి కోట మీద రాళ్లు కదిలేవి. దాన్ని కదిరి వైపు ఒక చెనక్కాయల వ్యాపారికి అమ్మాను. మా వైపు పద్ధతి ఒకటే: స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు, కొంత అడ్వాన్సు, మిగతాది కంతులు. ఆఖరి కంతు ముట్టేదాకా ఆర్సీ అమ్మినవాడి పేరే, రెండో తాళంచెవి అమ్మినవాడి మొలతాడుకే. కంతు తప్పితే బండి వెనక్కి.

రెండు కంతులు తప్పాయి. ఫోన్ ఎత్తడు. వకీలు దగ్గరికి పోయాను.

"నోటీసియ్యకుండా ఎత్తుకొచ్చినావో, దొంగతనం కేసు నీ మీదే పెడ్తాడప్పా. నీకు రావల్సిన దుడ్ల సంగతి తర్వాత. అది యాడన్నా మనిషిని గుద్దితే కోర్టు పిలిచేది ఆర్సీలో ఉన్నోణ్నే."

అప్పట్నుంచి ఏ హారన్ మోగినా మా జీపుదే అనిపించేది.

నోటీసు పంపి, గడువు దాటిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం వ్యాపారి ఊరికి వెళ్లాను. ఎండకు నా నీడ కూడా చెప్పుల కింద దూరింది. ఎండిన చెరువు నడుమ జీపు. చుట్టూ కాకి లేదు, గాలి లేదు. వ్యాపారి దూరంగా కట్ట మీదే కూర్చున్నాడు, దిగడు.

"తీస్కపో అన్నా. అడ్వాన్సు కూడా నాకొద్దు."

అడ్వాన్సు వదులుకునే వ్యాపారిని రాయలసీమ పుట్టాక చూసింది నేనొక్కణ్నే.

ముందు బంపరులో నల్ల కంబళి పేలిక ఇరుక్కుని ఉంది.

"ఏమప్పా ఇది?"

"మూడు నెలల కిందట, పట్టపగలే. చేన్లో దిష్టిబొమ్మ దోవలోకి పడిందనుకుని ఎక్కిచ్చినా. దిగి చూస్తే ఈ పేలికే ఉండాది. బొమ్మ లేదన్నా!"

"బొమ్మేనా?"

"బొమ్మే అనుకుంటాండా. ఆ పొద్దు ఈడ తెచ్చి నిలిపినోణ్ని మళ్లీ తాళం తిప్పలేదు. బండి తిరక్కపోతే కంతు యాడ్నుంచి కట్టేది?"

ఇద్దరం ఊళ్లో, ఆసుపత్రిలో, స్టేషన్లో విచారించాం. దెబ్బ తగిలినవాడు లేడు, తప్పిపోయినవాడూ లేడు. "బొమ్మను గుద్దితే ఏ సెక్షన్ రాయాలప్పా?" అని స్టేషన్ రైటరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆఖర్న ఆ చేని రైతును అడిగాం.

"బొమ్మా? వాన లేదు, పంట లేదు, పిట్టే రాలేదు. ఈ యేడు బొమ్మ ఎవురు పెట్న్యారు?"

ఈ రోజు వరకు బండి తన స్వాధీనంలోనే ఉందని అగ్రిమెంటు వెనక వ్యాపారి చేత రాయించుకుని, జీపు ఇంటికి తెచ్చాను. కొననొచ్చినవాళ్లకు ఆర్సీ అదే రోజు మారుస్తానంటున్నాను. అందరూ బంపరు చూసి, ఆ పేలిక పీకెయ్యకూడదా అంటారు.

ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని అలాగే ఉంచాను.