ఓడినవాళ్ళు ఇక్కడే ఉంటారు

మా పిచ్చేశ్వరరావు బాబాయి గారికి బందరు పార్లమెంటు ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళందరూ తెలుసు. గెలిచినవాళ్ళు ఒక్కరూ తెలియరు.

ఆయన మాకు చుట్టం కాదు. గుడ్లవల్లేరులో మా పక్క వీధి. బందరు-గుడివాడ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. టిక్కెట్టు కొడుతూ మొదలుపెడితే పెడన వచ్చేసరికి డెబ్భై ఏడులో ఓడినవాళ్ళు, గుడివాడ వచ్చేసరికి తొంభై ఒకటిలో ఓడినవాళ్ళు పూర్తయ్యేవారట. నందివాడ వెళ్ళాల్సినవాళ్ళు గుడివాడలో బస్సు మారుతూ, "మిగతావాళ్ళను రేపు ఓడిద్దాం లెండి" అని దండం పెట్టి దిగేవారని మా వారు చెప్పి నవ్వేవారు.

"మరి గెలిచిందెవరు బాబాయి గారూ?" అని అడిగితే ముఖం చిట్లించేవారు.

"గెలిచినవాళ్ళతో మనకేం పనమ్మా? వాళ్ళు ఢిల్లీ వెళ్ళిపోతారు. ఓడినవాళ్ళు ఇక్కడే ఉంటారు."

ఆయన క్యాలెండరు కూడా అదే. నా పెళ్ళి తొంభై ఎనిమిదిలో అయింది. "ఓహో, కరీముల్లా గారు ఓడిన ఏడు" అన్నారు. మా అమ్మాయి దీవెన ఆ మరుసటేడు పుట్టింది. "కరీముల్లా గారు మళ్ళీ ఓడిన ఏడు. ప్రభుత్వం పడిపోయి వెంటనే ఎన్నికలొచ్చాయి గదా, ఆ యోగం అందరికీ పట్టదమ్మా" అన్నారు. అప్పటినుంచి నా పెళ్ళి ఫోటో చూసినప్పుడల్లా, ముఖమైనా తెలియని ఆ కరీముల్లా గారు కూడా గుర్తొచ్చేవారు.

మా వారు పోయిన ఏడు ఎన్నికలు లేవు. ఆ రోజు బాబాయి గారు గుమ్మం దగ్గర సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళారు.

ఆ మరుసటేడు, అంటే రెండువేల ఇరవై నాలుగు ఎన్నికల్లో, మా మరిది కళ్యాణ్ ఎంపీగా నిలబడ్డాడు. వాడికి ఊళ్ళో సెల్‌ఫోన్ల కొట్టుంది. పార్టీ లేదు, జెండా లేదు. మా ఇంటి వెనక కాలవనిండా గుర్రపుడెక్క అల్లుకుని నీళ్ళు కదలవు. అది తీయించాలని నిలబడ్డాడు.

"గుర్రపుడెక్కకు ఢిల్లీ దాకా ఎందుకురా?" అన్నారు మా అత్తయ్య.

"ఈ ఆఫీసులో అడిగితే ఆ ఆఫీసంటారు, ఆ ఆఫీసులో అడిగితే పై ఆఫీసంటారు. అన్నిటికంటే పైది ఢిల్లీయే గదమ్మా!"

వాడికి కుట్టుమిషను గుర్తు వచ్చింది. ఫలితాలొచ్చిన రోజు చూస్తే ఏడు నియోజకవర్గాలూ కలిపి ఆరువందల పదకొండు ఓట్లు. అది కూడా పర్లేదు. మా పోలింగ్ బూత్‌లో వచ్చినవి మా చుట్టాల ఓట్లకంటే తక్కువ. ఎక్కడ తేడా వచ్చిందా అని ఆరా తీస్తే మా అత్తయ్యే బయటపడ్డారు.

"ఎమ్మెల్యే పెట్టె అంతా వెతికానురా. కుట్టుమిషను కనపడలా. నీ పేరు కొట్టేశారేమో అని ఏడుపొచ్చింది."

"నేను నిలబడింది ఎంపీకమ్మా! రెండో పెట్టె!"

"అప్పటికే కళ్ళనిండా నీళ్ళాయె. రెండో పెట్టెలో ఏం కనపడుద్ది? చేతికందింది నొక్కా."

వాడు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కొట్టు తెరవలేదు, ఫోను తీయలేదు. నేను అన్నం పళ్ళెం కిటికీలోంచి అందించాను.

"కొట్టు అమ్మేసి హైదరాబాదు పోతా వదినా. ఊరంతా నవ్వినా సరేలే. ఆ పిచ్చేశ్వరరావు గారి నోట్లో పడ్డా చూడు, నేను పోయినా నా ఓటమి మాత్రం పోదు."

మా వారు పోయాక ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి వాడొక్కడే. దీవెన అత్తారింటికి వెళ్ళిపోయింది, వాడూ వెళ్ళిపోతే మా అత్తయ్య, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి.

మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు ఆటో ఆగింది. బాబాయి గారు దిగారు. వెనకాల తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన, చేతిలో బందరు హల్వా పొట్లం. ఆ వెనక లుంగీ పైకి కట్టుకున్న ఇంకొకాయన, చేతిలో మూరెడు పండుగప్ప చేప.

"రత్నం, వీరు కరీముల్లా గారు" అన్నారు బాబాయి గారు. పటంలోని దేవుడే దిగొచ్చినట్టు నేను నోరు తెరిచి చూశాను. "వీరు నాగాయలంక పోలయ్య గారు, రెండువేల తొమ్మిది. కాస్త పులుసు పెట్టమ్మా. అందరం ఇక్కడే భోంచేస్తాం."

"ఎందుకండీ ఇప్పుడు?" అన్నాను గది వైపు చూస్తూ.

"ఓడిన మర్నాడు ఎవరూ రారమ్మా" అన్నారు కరీముల్లా గారు. "నేను ఓడినప్పుడు మా కొట్టుకు బేరాలు కూడా రాలేదు. ఈయనొక్కడే డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే మా ఇంటికొచ్చాడు."

"మా ఇంటిక్కూడా అంతే. ముందు ఎగతాళికొచ్చాడేమో అనుకుని తెడ్డు తీసుకున్నా" అన్నారు పోలయ్య గారు.

నేను పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టాను. అది అటక మీంచి దించి ఏడాది దాటింది. వసారాలో అప్పుడే తగువు మొదలైంది.

"ఓటమంటే నాది" అన్నారు పోలయ్య గారు. "ఏడొందల నలభై! మనందరిలో నాకంటే తక్కువ ఎవడికొచ్చినయ్?"

"నేను రెండుసార్లు ఓడాను. సీనియర్ని" అన్నారు కరీముల్లా గారు.

"రికార్డు పోలయ్య గారిదే" అని తేల్చేశారు బాబాయి గారు, గదికి వినపడేలా. "కళ్యాణ్ కూడా గట్టిగానే ప్రయత్నించాడు గానీ, పాపం, తొమ్మిదొందలు దాటిపోయాయి."

"ఎవడు చెప్పాడు?" అని లోపలినుంచి కేక.

"పేపర్లో చూశాలే నాయనా. నువ్వు పడుకో."

గడియ ధడేలుమంది. గడ్డం, నలిగిన చొక్కాతో కళ్యాణ్ వసారాలోకి వచ్చి పడ్డాడు.

"ఆరువందల పదకొండు! ఒక్కటి కూడా ఎక్కువ లేదు! కావాలంటే మా అమ్మనడగండి!"

పోలయ్య గారు వాణ్ణి ఎగాదిగా చూశారు. లేచి, తన కుర్చీ వాడి ముందుకు జరిపారు.

"కూర్చోండి. మీరు పెద్దవారు."

కళ్యాణ్ కూర్చున్నాడు. కాసేపటికి గుర్రపుడెక్క సంగతి ఎత్తుకున్నాడు. తమ దివిసీమలోనూ అదే గోలని పోలయ్య గారు అందుకున్నారు. నేను మూడుసార్లు పులుసు వడ్డించాను. మా అత్తయ్య ముల్లు తీసి తీసి కొడుకు కంచంలో పెట్టారు.

చేతులు కడుక్కునేటప్పుడు బాబాయి గారిని మెల్లగా అడిగాను. "ఓడినవాళ్ళ లెక్కలో మీరు తప్పడమేంటండీ?"

"ముసలాణ్ణయ్యా గదమ్మా" అన్నారు, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ. ఆ వెంటనే వసారాలోకి వెళ్ళి, పోలయ్య గారికి ఏ ఊళ్ళో ఎన్ని ఓట్లొచ్చాయో అంకె తప్పకుండా అప్పజెప్పడం మొదలుపెట్టారు.

సాయంత్రం వాళ్ళను బస్సెక్కించడానికి కళ్యాణ్ కూడా బయల్దేరాడు. కొట్టు తాళంచెవి జేబులో వేసుకోవడం చూశాను. మా ఇంటి మలుపులో టీ బంకు దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు వాణ్ణి చూడగానే ఈల వేశారు.

"ఏం ఎంపీ గారూ!"

వాడు మళ్ళీ వచ్చి తలుపేసుకుంటాడనుకున్నాను. కానీ రోడ్డు మీద నడుస్తున్న ఓడినవాళ్ళు ముగ్గురూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

"ఎవరినయ్యా, నన్నేనా?" అన్నారు ముగ్గురూ.